మహమ్మారి వస్తే సేవా క్లబ్ ఏం చేయాలి? ముందు సభ్యులకు ఫోన్ చేయాలి

ప్రశ్న: మాది చిన్న సేవా క్లబ్. కొవిడ్ వచ్చి సమావేశాలు ఆగిపోయాక క్లబ్ కూడా దాదాపు ఆగిపోయింది. సభ్యుల్లో సగం మంది అరవై దాటినవాళ్లే. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలో ఒక ప్రణాళిక రాయమని కమిటీ కొత్త కార్యదర్శినైన నాకు అప్పగించింది. ఎవరిళ్లల్లో వాళ్లం ఉంటూనే ఒకరికొకరం అందుబాటులో ఉండడం, చుట్టుపక్కలవాళ్లకు ఉపయోగపడడం ఎలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

కార్యదర్శి గారూ, పరిస్థితులు మామూలుగా ఉన్నప్పుడే ఈ పని మీ చేతికి రావడం మంచిదైంది. రోగం వచ్చి మీద పడ్డాక కూర్చుని రాసుకునే తీరిక ఎవరికీ ఉండదు. నేను చాలా ఏళ్లుగా ఒక సేవా క్లబ్‌లో పనిచేస్తున్నాను. కొవిడ్ కాలంలో మా క్లబ్ సేవా కార్యక్రమాల బాధ్యత నేనే చూశాను. అప్పుడు కళ్లారా చూసినవి, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి చెబుతున్నాను.

మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ రెండింటి సమాధానమూ ఒక్కచోటే మొదలవుతుంది. ముందు మీ సభ్యులను చూసుకోండి. "మనది సేవా క్లబ్ కదా, మన సంగతి మనం చూసుకోవడం సేవ ఎలా అవుతుంది?" అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సగం మంది అరవై దాటినవాళ్లని మీరే రాశారు. కొవిడ్‌లో ఎక్కువ ప్రమాదం ఎదుర్కొన్నది ఆ వయసువాళ్లే. అంటే సాయం అవసరమైనవాళ్లు మీ సభ్యుల జాబితాలోనే ఉన్నారు. పైగా ఒక్కో సభ్యుడికి తన చుట్టూ ఉన్న పది ఇళ్ల సంగతి తెలుసు. ఎవరు ఒంటరిగా ఉంటున్నారో, ఎవరికి రోజూ మందులు కావాలో, ఎవరు నోరు తెరిచి అడగలేరో తెలుసు. క్లబ్‌కున్న అసలు బలం ఈ పరిచయమే. డబ్బులో, వాహనాల్లో, మనుషుల సంఖ్యలో ప్రభుత్వాలతో మనం పోటీపడలేం. పరిచయం విషయంలో మాత్రం మనకున్నది వాళ్లకు లేదు.

అందుకే మీ ప్రణాళిక మొదటి పేజీలో ఫోన్ల ఏర్పాటు గురించి రాయండి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

సభ్యులందరినీ ఐదారుగురు చొప్పున చిన్న జట్లుగా విడదీయండి. ఒక్కో జట్టుకు ఫోన్ చేసే బాధ్యత ఒకరికి ఇవ్వండి. అంతకన్నా ఎక్కువ మందిని ఒకరికే అప్పగిస్తే అది మొక్కుబడిగా మారిపోతుంది. వారానికి రెండుసార్లు, తెలిసిన రోజున, తెలిసిన వేళకు ఫోన్ వెళ్లాలి. వేళ ఖాయంగా ఉంటే అవతలివాళ్లు ఎదురుచూస్తారు. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ ఎదురుచూపు కూడా ఒక ఆసరా. ఫోన్ చేసేవాళ్లకు ఒక తోడు కూడా ఉండాలి. బాధ్యత తీసుకున్నవాళ్లే జ్వరంతో పడుకుంటే మర్నాటి నుంచి ఎవరు చేయాలో ముందే తేలి ఉండాలి.

ఏం మాట్లాడాలి? ప్రశ్నల పట్టిక ముందు పెట్టుకుని చదవొద్దు. మామూలు కబుర్లు చెప్పుకుంటూనే మూడు విషయాలు తెలుసుకోవాలి: ఇంట్లో అందరి ఆరోగ్యం ఎలా ఉంది, మందులూ సరుకులూ ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయి, దగ్గర్లో ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఎవరైనా తెలుసా. "ఏమైనా కావాలా?" అని అడిగితే మొహమాటంతో నూటికి తొంభై మంది "ఏం అక్కర్లేదు, అంతా బాగానే ఉంది" అంటారు. "బీపీ మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయి?" అని అడిగితే నిజం చెబుతారు. ఈ చిన్న తేడాను ఫోన్ చేసేవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి.

రెండుసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలన్నది కూడా రాసిపెట్టాలి. ప్రతి సభ్యుడి దగ్గరా ఇద్దరి నంబర్లు ముందుగానే తీసుకోండి. ఒకటి కుటుంబంలోవాళ్లది, రెండోది ఇంటికి దగ్గర్లో ఉన్నవాళ్లది. వేరే దేశంలో ఉన్న కొడుకు నంబరు ఒక్కటే ఉంటే తలుపు తట్టి చూసేవాళ్లు ఎవరూ దొరకరు.

వాట్సాప్ గ్రూప్ ఉంది కదా, మళ్లీ ఈ ఫోన్లెందుకు అని మీకు అనిపించవచ్చు. గ్రూప్ కబురు అందించడానికి బాగుంటుంది. మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి మాత్రం సరిపోదు. రోజూ శుభోదయం మెసేజ్ పెట్టే మనిషి నాలుగు రోజులుగా సరిగా తినడం లేదన్న సంగతి గొంతు వింటేనే తెలుస్తుంది. దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల పరిశోధకులు 2020లో ఇళ్లకు భోజనం పంపే ఒక సేవా సంస్థతో కలిసి 240 మందితో ఒక అధ్యయనం చేశారు. వాళ్లలో కొందరికి నాలుగు వారాల పాటు ఫోన్లు చేయించారు. ఫోన్ చేసినవాళ్లు డాక్టర్లు కాదు, మానసిక నిపుణులూ కాదు. ఓపికగా వినడంలో కొద్దిపాటి శిక్షణ తీసుకున్న యువతీయువకులు. ఫోన్లు అందుకున్నవాళ్లలో ఒంటరితనం, దిగులు, ఆందోళన, ఫోన్లు రానివాళ్లతో పోలిస్తే తగ్గాయి. ఈ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. మందు కాదు, డబ్బు కాదు, పది నిమిషాలు మాట్లాడే మనిషి. ఇది ఏ క్లబ్‌కైనా చేతనయ్యే పని.

ఇంకో సంగతి. పెద్ద వయసు సభ్యులను ఫోన్లు అందుకునేవాళ్లుగా మాత్రమే లెక్కేయకండి. ఫోన్లు చేసే బాధ్యత కూడా వాళ్లకివ్వండి. గడప దాటకూడదని డాక్టరు చెప్పిన మనిషికి "మీరింక విశ్రాంతి తీసుకోండి" అన్న మాట చాలా బాధ కలిగిస్తుంది. అదే మనిషికి ఐదు పేర్లిచ్చి "వీళ్ల బాగోగులు మీరు చూడాలి" అంటే గొంతులో జీవం వస్తుంది. మా క్లబ్‌లో అందరికన్నా ఓపికగా, అందరికన్నా క్రమం తప్పకుండా ఫోన్లు చేసినవాళ్లు డెబ్బై దాటిన మాజీ అధ్యక్షులే. వాళ్ల దగ్గర సమయం ఉంది, మాట తీరు తెలుసు, పాత పరిచయాలున్నాయి. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఈ పనికి అడ్డం లేదు.

ఇక ఆన్‌లైన్ సమావేశాలు. 2020 జూన్‌లో హొనొలులూలో జరగాల్సిన రోటరీ అంతర్జాతీయ సదస్సే ఆన్‌లైన్‌కు మారింది, కాబట్టి చిన్న క్లబ్బులు వెనకాడాల్సిన పనిలేదు. అయితే హాల్లో రెండు గంటలు జరిగే సమావేశాన్ని యథాతథంగా తెర మీదికి తేవద్దు. జూమ్ ఉచిత ఖాతాలో గ్రూప్ మీటింగ్‌కు 40 నిమిషాల పరిమితి ఉంది. దాన్ని లోటుగా చూడకండి, అంత సమయం నిజంగానే చాలు. మొదటి పావుగంట పేరుపేరునా పలకరింపులకు కేటాయించండి. తర్వాత ఈ వారం ఏం చేశాం, వచ్చే వారం ఎవరు ఏం చేస్తారు, అంతే. నివేదికలన్నీ ముందే గ్రూప్‌లో పెట్టేయండి. లింక్‌ను బహిరంగంగా ఎక్కడా పెట్టకండి, పాస్‌వర్డ్ తప్పనిసరి చేయండి. 2020లో ముక్కూమొహం తెలియనివాళ్లు మీటింగుల్లోకి చొరబడి అసభ్యంగా ప్రవర్తించిన సంఘటనలు ప్రపంచమంతా జరిగాయి. జూమ్ వాడడం రానివాళ్లకు యువ సభ్యులు ఒకరి తర్వాత ఒకరికి ఫోన్‌లో నేర్పించాలి. ఈ నేర్పడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి, అవసరం వచ్చేదాకా ఆగకండి.

ఇప్పుడు బయటివాళ్లకు సాయపడడం గురించి. ఇక్కడ చాలా క్లబ్బులు ముందు మనుషులను పోగుచేసి, తర్వాత పని వెతుకుతాయి. ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో చూడండి. 2020 మార్చిలో అక్కడి ఆరోగ్య సేవా సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ రెండున్నర లక్షల మంది వాలంటీర్లు కావాలని పిలుపిస్తే, కొద్ది రోజుల్లోనే ఏడున్నర లక్షల మంది పేర్లిచ్చారు. మనుషుల మంచితనానికి అంతకన్నా గొప్ప నిదర్శనం ఉండదు. కానీ తొలి వారాల్లో వాళ్లలో చాలామందికి ఏ పనీ రాలేదు. సాయం అవసరమైనవాళ్ల వివరాలు వాళ్లదాకా చేరలేదు. అదే సమయంలో వీధి స్థాయిలో పుట్టిన చిన్న చిన్న గ్రూపులు, ఇంటింటికీ ఒక చీటీ వేసి "మేం ఫలానా ఇంట్లో ఉంటాం, ఏదైనా కావాలంటే ఈ నంబరుకు చేయండి" అని చెప్పి పని మొదలుపెట్టాయి. మీరు రెండో దారిలో వెళ్లండి. మీ ఫోన్లలో అడిగే మూడో ప్రశ్న, "దగ్గర్లో ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఎవరైనా తెలుసా" అన్నది, ఉన్నది ఇందుకే. ఆ వచ్చిన పేర్ల నుంచే మీ సేవా కార్యక్రమం తయారవుతుంది.

సరుకులు, మందులు ఇంటికి చేర్చే పని పెట్టుకుంటే కొన్ని కట్టుబాట్లు కచ్చితంగా ఉండాలి. వెళ్లేవాళ్ల దగ్గర క్లబ్ గుర్తింపు కార్డు ఉండాలి, ఎవరు వస్తున్నారో ముందే ఫోన్‌లో చెప్పాలి. వస్తువు గుమ్మం ముందు పెట్టి, దూరంగా జరిగి, తీసుకున్నారని చూసి రావాలి. ఎవరి ఏటీఎం కార్డూ చేతిలోకి తీసుకోకూడదు, పిన్ నంబరు అడగకూడదు, వాళ్లే చెప్పబోయినా వినకూడదు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చి పుచ్చుకున్నా, రేపు ఖాతాలో లెక్క తేడా వస్తే ఇద్దరికీ నరకమే. ఇంట్లో ఎవరికి పాజిటివ్ వచ్చింది, ఎవరు సాయం తీసుకున్నారు అన్నవి బయట పొక్కకూడదు. సాయం ఇస్తున్న ఫొటోలు వద్దు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. బతుకుతెరువు పోయి తలదించుకుని నిలబడిన మనిషి ముఖాన్ని క్లబ్ పేజీలో పెట్టే హక్కు మనకు లేదు. మీ వార్షిక నివేదికకు ఫొటోలే కావాలంటే సంచులు సర్దుతున్న మీ సభ్యులవి పెట్టుకోండి.

వైద్య పరికరాల జోలికి వెళ్లేటప్పుడు ఆగి ఆలోచించాలి. చాలా క్లబ్బులు వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్లు, గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొని అవసరమైన ఇళ్లకు తిప్పాయి. మంచి పనే. కానీ ఆక్సీమీటర్ రీడింగ్ గోళ్లకు వేసుకున్న రంగు వల్ల, చల్లబడిన వేళ్ల వల్ల తప్పు చూపవచ్చు. ముదురు చర్మఛాయ ఉన్నవాళ్లలో కచ్చితత్వం తగ్గవచ్చని 2021 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కాన్సంట్రేటర్‌కు కరెంటు ఆగకుండా ఉండాలి, ఫిల్టర్లు శుభ్రం చేయాలి, ఎంత ఆక్సిజన్ పెట్టాలో డాక్టరు చెప్పాలి. కాబట్టి పరికరంతో పాటు ఒక డాక్టరు పర్యవేక్షణ ఏర్పాటు చేయగలిగితేనే ఆ పని పెట్టుకోండి. పరికరం ఎవరింట్లో ఉంది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఎవరు శుభ్రం చేశారు అన్నది రాసే పుస్తకం ఒకటి ఉండాలి.

కంటికి ఆర్భాటంగా కనిపించే పనుల మీద డబ్బు పోయకండి. 2020లో మనుషుల మీద క్రిమిసంహారక ద్రావణం చల్లే సొరంగాలు ఎన్నోచోట్ల పెట్టారు. మనుషుల మీద అలా చల్లడం ఏ పరిస్థితిలోనూ తగదనీ, కళ్లకూ చర్మానికీ ఊపిరితిత్తులకూ హాని చేయవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది మే నెలలోనే చెప్పింది. తలుపులూ బల్లలూ తుడవడం మీద అందరం బోలెడంత శ్రమ పెట్టాం. ఆ తర్వాత, కొవిడ్ ప్రధానంగా గాలి ద్వారా పాకుతుందనీ వస్తువుల మీద నుంచి అంటుకునే ప్రమాదం చాలా తక్కువనీ తేలింది. ఇందులో మీ ప్రణాళికకు పనికొచ్చే సంగతి ఉంది. వచ్చే మహమ్మారి ఎలా పాకుతుందో ఇవాళ రాయలేరు. అందుకే శానిటైజర్, మాస్కుల వివరాలతో పేజీలు నింపకండి. అప్పటి ఆరోగ్య అధికారుల సూచనలు ఎవరు చదివి సభ్యులకు చెబుతారో వాళ్ల పేరు రాయండి. వీలైతే ఆ మనిషి వైద్యరంగంలో ఉన్న సభ్యుడైతే మంచిది.

ఆ మనిషికే ఇంకో పని కూడా అప్పగించండి: పుకార్లను ఆపడం. ఏదో చిట్కాతో రోగం తగ్గుతుందని, ఏదో టీకాతో ప్రాణాలు పోతాయని ఫార్వర్డ్‌లు వస్తూనే ఉంటాయి. గ్రూప్‌లో పెట్టినవాళ్లను అందరి ముందూ మందలించకండి. అలా చేస్తే వాళ్లు గ్రూప్ వదిలి వెళ్తారు గానీ నమ్మకం మార్చుకోరు. విడిగా ఫోన్ చేసి, ఏ భయంతో అది పంపారో కనుక్కోండి. టీకాలు వచ్చినప్పుడు భయపడిన పెద్దవాళ్లను ఒప్పించింది పోస్టర్లు కాదు, వాళ్లకు ఏళ్లుగా తెలిసిన మనిషి "నేను వేయించుకున్నాను, మీతో పాటు నేనూ వస్తాను" అన్న మాట. పేరు నమోదు చేయించడం, కేంద్రం దాకా తోడు వెళ్లడం లాంటివి క్లబ్ చేయగల అతి విలువైన సేవల్లో ఒకటి.

మహమ్మారి వస్తే క్లబ్ అప్పటిదాకా చేస్తున్న పనులన్నీ ఆపేయాలనుకోవద్దు. రక్తదానం సంగతి చూడండి. 2020 మార్చి మధ్య నాటికే అమెరికాలో దాదాపు 2,700 రెడ్‌క్రాస్ రక్తదాన శిబిరాలు రద్దయ్యాయి, 86 వేల యూనిట్ల దాకా రక్తం రాకుండా పోయింది. రోగం ఉన్నా లేకపోయినా కాన్పులు, ప్రమాదాలు, తలసీమియా, క్యాన్సర్ చికిత్సలు ఆగవు కదా. శిబిరం పెట్టలేకపోతే దాతల జాబితా దగ్గర పెట్టుకుని, రక్తనిధి కేంద్రంతో మాట్లాడి, ఒక్కొక్కరికి ఒక్కో వేళ కేటాయించి పంపండి. మీ క్లబ్ ఏటా చేసే పనుల్లో ఏది ఆగితే ఎవరికి ప్రాణాపాయమో ఇప్పుడే గుర్తించి, దానికి ప్రత్యామ్నాయం రాసుకోండి. సన్మానాలు, వార్షికోత్సవాలు ఆగినా ఎవరికీ నష్టం లేదు.

డబ్బు గురించి క్లుప్తంగా: ఒక అత్యవసర నిధి, దాన్ని ఖర్చుచేయడానికి ఇద్దరి సంతకాలు, ప్రతి పైసాకూ రసీదు, నెలకోసారి సభ్యులందరికీ లెక్క. అత్యవసరం అంటూ లెక్కలు వాయిదా వేస్తే అపనమ్మకం మొదలవుతుంది. ఆదాయం పోయిన సభ్యులు చందా కట్టలేక మౌనంగా తప్పుకుంటారు. కాబట్టి అడగకుండానే చందా వాయిదా వేసే అధికారం కోశాధికారికి ముందే ఇవ్వండి. ఎవరికి వాయిదా ఇచ్చారో కమిటీకి కూడా తెలియనక్కర్లేదు.

ఎంతకాలానికి సిద్ధపడాలన్నది చాలామంది ఆలోచించరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కొవిడ్‌ను అంతర్జాతీయ అత్యవసర స్థితిగా ప్రకటించింది, దాన్ని ఎత్తివేసింది 2023 మే 5న. మూడేళ్లకు పైగా సాగిన పరీక్ష అది. మొదటి నెల ఉత్సాహంతో అందరూ పరిగెత్తితే ఆరో నెలకు నలుగురే మిగులుతారు. ఒక్కొక్కరికి ఆరు వారాలు పని, తర్వాత రెండు వారాల విరామం అని ముందే నియమం పెట్టండి. విరామం తీసుకోవడం తప్పనిసరి చేయండి, లేకపోతే బాగా కష్టపడేవాళ్లు ఎప్పటికీ తీసుకోరు.

మీరు అడగలేదు గానీ చెప్పక తప్పని విషయం ఒకటుంది. సభ్యులను పోగొట్టుకోవాల్సి రావచ్చు. కొవిడ్‌లో చాలా కుటుంబాలు కడసారి చూపుకు కూడా నోచుకోలేదు. ఇంటికి వెళ్లి పక్కన కూర్చునే వీలు లేనప్పుడు క్లబ్ ఏం చేస్తుంది? గ్రూప్‌లో వరసగా సంతాప సందేశాలు పడితే సరిపోదు. ఆ కుటుంబంతో మాట్లాడడానికి ఒకే మనిషిని నియమించండి, నలభై మంది నలభై సార్లు అదే కథ చెప్పించుకోకూడదు. ఆన్‌లైన్‌లోనే ఒక సంస్మరణ సభ పెట్టి, పోయినవాళ్లతో తమకున్న జ్ఞాపకాలను సభ్యులు ఒక్కొక్కరుగా చెప్పాలి. ఆ మాటలన్నీ రాసి కుటుంబానికి పంపండి. బీమా, బ్యాంకు, పింఛను కాగితాల పనిలో తెలిసినవాళ్లను తోడివ్వండి, ఎందుకంటే ఆ పని మీద పడేసరికి ఇంట్లోవాళ్లకు అక్షరాలు కూడా కనబడవు. మొదటి నెల తర్వాత ఫోన్లు తగ్గిపోతాయి, అసలు ఒంటరితనం అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఆ ఇంటిని ఫోన్ల జాబితాలో కనీసం ఒక ఏడాది ఉంచండి. వాళ్లు క్లబ్ సభ్యులు కాకపోయినా సరే.

ఇన్ని చెప్పాను గానీ ప్రణాళిక రెండు పేజీలు దాటనివ్వకండి. ఒక పేజీలో ఫోన్ జట్లు, ఎవరి తర్వాత ఎవరు, అత్యవసర నంబర్లు. రెండో పేజీలో ఎవరి బాధ్యత ఏమిటి, డబ్బు కట్టుబాట్లు, ఆగకూడని పనులు. కాగితం మీద ముద్రించి ప్రతి సభ్యుడి ఇంటికీ ఒక ప్రతి ఇవ్వండి, ఎందుకంటే కార్యదర్శి కంప్యూటర్‌లో మాత్రమే ఉంటే కార్యదర్శి జబ్బుపడ్డ రోజున అది ఎవరికీ దొరకదు. నంబర్లు మారుతుంటాయి కాబట్టి కొత్త కార్యవర్గం వచ్చిన ప్రతిసారీ సరిచూడాలి. వచ్చే నెలలో ఒక వారం రోజులు, ఏ విపత్తూ లేకుండానే, ఈ ఫోన్ల ఏర్పాటును నడిపి చూడండి. ఎవరి నంబరు పనిచేయడం లేదో, ఎవరు ఎవరికి ఫోన్ చేయడానికి ఇబ్బందిపడుతున్నారో ఆ వారంలోనే బయటపడుతుంది. జట్లు అప్పుడు మార్చుకుని, ఆ తర్వాతే ప్రణాళికను కమిటీ ముందు పెట్టండి.